బ్రాకెట్ డ్రాగ్ రేసింగ్ సీజన్‌కు పాయింట్ల పద్ధతిని ఎంచుకోవడం ఎలా

అమెరికాలో సొంత కారును వారాంతంలో డ్రాగ్ స్ట్రిప్‌కు, అంటే రెండేసి కార్లు పక్కపక్కన సూటిగా పరుగెత్తే ట్రాక్‌కు, తీసుకువెళ్లి సరదాగా పోటీపడేవారిలో ఎక్కువమంది ఆడేది బ్రాకెట్ రేసింగ్. వీరికోసం స్థానిక ట్రాకులూ చిన్న క్లబ్బులూ వసంతం నుంచి శరదృతువు దాకా ఎనిమిదో పదో పన్నెండో రేసులు నడిపి, చివరికి పాయింట్ల లెక్కన ఒక ఛాంపియన్‌ను ప్రకటిస్తాయి. ఆ పాయింట్ల పట్టికను తయారు చేసే పని సాధారణంగా ముగ్గురు నలుగురు స్వచ్ఛంద కార్యకర్తల నెత్తిన పడుతుంది. వారు పక్క ట్రాక్ పట్టికను తెచ్చుకుని అంకెలు కాస్త అటూ ఇటూ మార్చి సరిపెట్టుకుంటారు. టెక్సాస్‌లో ఒక చిన్న క్లబ్బుకు కొన్నేళ్లు లెక్కలు రాసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ పట్టికలో నిజంగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ప్రతి వారం వచ్చేవాడికి ఎంత ఇవ్వాలి, వచ్చిన రోజున గెలిచేవాడికి ఎంత ఇవ్వాలి? మిగతా నిబంధనలన్నీ, అంటే చెత్త రేసును లెక్కలోంచి వదిలేయడం, బైబ్యాక్ (ఓడినవారు రుసుము కట్టి మళ్లీ పోటీలోకి రావడం), చివరి రేసుకు రెట్టింపు పాయింట్లు వంటివన్నీ, ఆ నిష్పత్తిని పైకి కనబడకుండా మార్చేవే.

పద్ధతి ఎంచుకునే ముందు ఆట స్వభావాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. బ్రాకెట్ రేసులో ప్రతి డ్రైవరూ తన కారు ఎన్ని సెకన్లలో గమ్యం దాటుతుందో ముందే అద్దం మీద రాసి ప్రకటిస్తాడు. దాన్ని డయల్-ఇన్ అంటారు. దూరం 1/4 మైలు, అంటే 1320 అడుగులు కావచ్చు, 1/8 మైలు, అంటే 660 అడుగులు కావచ్చు. ఒకరు 13.20 అనీ మరొకరు 11.50 అనీ రాస్తే, నెమ్మది కారుకు పచ్చదీపం 1.70 సెకన్లు ముందు వెలుగుతుంది. పచ్చదీపం రాకముందే కదిలితే రెడ్ లైట్, ఓటమి. రాసిన సమయం కంటే వేగంగా పరుగెత్తితే బ్రేకౌట్, అదీ ఓటమే. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ తేడాతో అయినవాడు గెలుస్తాడు. కాబట్టి ఇక్కడ గెలిపించేది ఇంజన్ అశ్వశక్తి కాదు, దీపాన్ని చూసి స్పందించే తీరూ కారు ఎప్పుడూ ఒకేలా పరుగెత్తడమూ. ఓడినవాడు ఆ రోజుకు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి రౌండుకు.

ఈ చివరి వాక్యమే పాయింట్ల లెక్కకు కీలకం. మన పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ ప్రతి జతా విడివిడిగా బండను లాగుతుంది, దూరం కొలుస్తారు, అందువల్ల మొదటి స్థానం నుంచి చివరి స్థానం దాకా స్పష్టమైన వరుస వస్తుంది. ఫార్ములా వన్‌లోనూ అంతే. 2010 నుంచి మొదటి పదిమందికి 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 అని పంచగలుగుతున్నారంటే, ఎవరు ఎన్నోవారో వారికి తెలుస్తుంది కాబట్టే. నాకౌట్ పోటీలో ఆ వరుస ఉండదు. 32 కార్లు వస్తే మొదటి రౌండులోనే 16 మంది పోతారు. వారిలో 17వ స్థానం ఎవరిది, 32వ స్థానం ఎవరిది అనే ప్రశ్నకు అర్థమే లేదు. అందుకే స్థానాలను బట్టి పాయింట్లు ఇచ్చే పట్టికను బ్రాకెట్ రేసుకు అరువు తెచ్చుకోవద్దు. సహజమైన కొలమానం గెలిచిన రౌండు. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ కూడా తన ప్రొఫెషనల్ తరగతుల్లో విజేతకు 100, ఫైనల్లో ఓడినవారికి 80, సెమీస్‌లో ఓడినవారికి 60 అంటూ రౌండుకు 20 చొప్పునే మెట్లు కట్టింది.

మీ పోటీ బ్రాకెట్ కాక, కేవలం అతి తక్కువ సమయాన్ని బట్టి వరుస తేల్చే పోటీ అయితే, అంటే ఇద్దరి మధ్య నాకౌట్ లేకుండా ప్రతి వాహనం పరుగునూ విడిగా కొలిచే పద్ధతైతే, అప్పుడు స్థానాల పట్టిక చక్కగా పనికొస్తుంది. భారతదేశంలో ఇంజన్ సామర్థ్యాన్ని బట్టి వర్గాలు విడదీసి నడిపే మోటార్‌సైకిల్ డ్రాగ్ పోటీల నిర్వాహకులు తమది ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ముందు చూసుకోవాలి. ఇకపై చెప్పేదంతా నాకౌట్‌కే వర్తిస్తుంది.

ముగ్గురు డ్రైవర్లు, ఒకే సీజన్, నాలుగు ఛాంపియన్‌షిప్‌లు

మాటలతో కంటే ఒక లెక్కతో చూపడం మేలు. ఎనిమిది రేసుల సీజన్, రేసుకు సుమారు 30 కార్లు, అంటే ఐదు రౌండ్లు అనుకుందాం. పాత షెవర్లే నోవా నడిపే పెద్దాయన ఒక్క రేసూ మానలేదు. ఆయన గెలిచిన రౌండ్లు వరుసగా 2, 1, 2, 3, 1, 2, 2, 1, మొత్తం 14. కమారో నడిపే కుర్రవాడు ఆరు రేసులకే వచ్చాడు. 5, 0, 4, 1, 5, 1, మొత్తం 16, అందులో రెండు రేసుల్లో విజేత. ఎస్-10 పికప్ నడిపే మూడో డ్రైవర్ ఏడింటికి వచ్చింది. 3, 2, 0, 3, 4, 2, 1, మొత్తం 15. ఈ అంకెలు నేను కావాలని కుదిర్చినవే, కానీ ఇలాంటి ముగ్గురు ప్రతి ట్రాక్ మీదా ఉంటారు.

హాజరుకు 10, గెలిచిన ప్రతి రౌండుకూ 10 ఇచ్చామనుకోండి. నోవాకు హాజరు 80, రౌండ్లు 140. కమారోకు 60, 160. పికప్‌కు 70, 150. ముగ్గురికీ 220. ఇప్పుడు హాజరును 20కి పెంచండి: నోవా 300, పికప్ 290, కమారో 280. అదే హాజరును 5కు తగ్గించండి: కమారో 190, పికప్ 185, నోవా 180. ఎవరి నడకలోనూ ఏ మార్పూ లేదు, ఒక్క పరుగు కూడా మళ్లీ తీయలేదు, అయినా మొదటి స్థానమూ చివరి స్థానమూ తారుమారయ్యాయి. రేసులో విజేతగా నిలిచినందుకు అదనంగా 10 ఇస్తే, 10-10 పద్ధతిలోనే కమారో 240కి చేరి, మిగతా ఇద్దరూ 220 దగ్గరే ఆగిపోతారు.

కాబట్టి మీ ట్రాక్‌కు ఏం కావాలో ముందు నిర్ణయించుకోవాలి. స్టేజింగ్ లేన్లు, అంటే కార్లు తమ వంతు కోసం నిలిచే వరుసలు, ఖాళీగా కనబడుతున్నాయి, రేసుకు పదిహేను కార్లు కూడా రావడం లేదు అనే చోట హాజరుకు ఎక్కువ బరువు ఇవ్వడంలో తప్పు లేదు. అక్కడ క్రమంగా వచ్చేవాళ్లే సీజన్‌ను బతికిస్తున్నారు. కార్లు పుష్కలంగా వచ్చే చోట హాజరు పాయింట్లు అంత అవసరం లేదు. పిల్లలు సగం పరిమాణపు కార్లతో 1/8 మైలు పరుగెత్తే జూనియర్ డ్రాగ్‌స్టర్ తరగతికి మాత్రం, ట్రాక్ ఎలాంటిదైనా, హాజరు వాటా పెంచమనే నా సలహా. పదేళ్ల పిల్ల మూడు రేసుల్లో మొదటి రౌండులోనే ఓడిపోయాక కూడా పట్టికలో తన పేరు పక్కన అంకె పెరగడం చూస్తే, నాలుగో వారం కూడా తండ్రిని ట్రైలర్ తగిలించమంటుంది. పెద్దవాళ్ల తరగతులకు నేను 10-10 తో మొదలుపెట్టి, గత ఏడాది ఫలితాల మీద పరీక్షించి, అవసరమైతే హాజరును తగ్గిస్తాను గానీ పెంచను.

చెత్త రేసును వదిలేయడం ఎవరికి మేలు

ఎనిమిదింటిలో మెరుగైన ఆరో ఏడో మాత్రమే లెక్కించడమనే నిబంధన వినడానికి అందరి మీదా దయగా కనిపిస్తుంది. ఇంజన్ పాడైన రోజు, పెళ్లికి వెళ్లవలసిన రోజు, ఉద్యోగం వదలని రోజు, ఇవన్నీ ఎవరికైనా ఉంటాయి కదా అంటారు. లెక్క చూస్తే అది రానివారికే ఎక్కువ దయ. పై ముగ్గురికీ 10-10 పద్ధతిలో ఒక రేసును వదిలేస్తే, కమారో, పికప్ తమ గైర్హాజరునే వదులుకుని 220 దగ్గరే ఉంటారు. నోవా మాత్రం నిజంగా వచ్చి, ఒక రౌండు గెలిచిన రోజును వదులుకుని 200కు పడిపోతుంది. రెండింటిని వదిలేస్తే కమారో 220, పికప్ 210, నోవా 180. అంటే రేసును వదిలేసే నిబంధన, పేరు ఏదైనా, హాజరు పాయింట్లను కోసేసే నిబంధనే. హాజరుకు 20 ఇచ్చి, దానితోపాటు రెండు రేసులు వదిలేయించే పట్టికలు నేను చూశాను. ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కోవడం అది.

అయినా నేను ఒక రేసును వదిలేయడాన్ని సమర్థిస్తాను. అభిరుచి కోసం ఆడే ఆటలో ట్రాన్స్‌మిషన్ పోయిన ఒక్క శనివారం వల్ల మే నెలలోనే ఎవరి సీజనూ ముగిసిపోకూడదు. పది పన్నెండు రేసుల సీజన్‌లో రెండింటిని వదిలేయవచ్చు. అంతకు మించితే చివరి రేసులకు కార్లు తగ్గిపోతాయి, ఎందుకంటే అప్పటికే చాలామందికి తమ మంచి అంకెలు చేతిలో ఉంటాయి. క్రమశిక్షణ కారణంగా బయటికి పంపిన రేసును మాత్రం వదిలేయడానికి వీల్లేదని స్పష్టంగా రాయండి.

చివరి రేసుకు రెట్టింపు పాయింట్లు ఇవ్వాలనే ఆలోచన ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు తెస్తారు. ఫార్ములా వన్ 2014లో అబుదాబీ రేసుకు ఇదే చేసి, తీవ్ర వ్యతిరేకత రావడంతో మరుసటి ఏడాదికే మానుకుంది. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ 2007లో తన ప్రొఫెషనల్ తరగతుల్లో కౌంట్‌డౌన్ పేరుతో సీజన్ చివర అగ్రశ్రేణి డ్రైవర్ల మధ్య అంతరాలను తగ్గించే పద్ధతి ప్రవేశపెట్టింది. టీవీ ప్రేక్షకుల కోసం అది సబబే కావచ్చు. మీ ట్రాక్‌కు వచ్చే ప్రేక్షకులు డ్రైవర్ల కుటుంబ సభ్యులే అయినప్పుడు, ఆ ఉత్కంఠ ఎవరికోసం? బ్రాకెట్ రేసులో మంచి డ్రైవర్ కూడా 0.001 సెకను తేడాతో మొదటి రౌండులో రెడ్ లైట్ వెలిగించుకోగలడు. అలాంటి ఆటలో ఒక్క రోజుకు రెండు రోజుల బరువు ఇవ్వడం సీజన్ ఛాంపియన్‌షిప్ అనే భావనకే విరుద్ధం.

గొడవలు పుట్టే చోట్లు

బై పరుగు. కార్ల సంఖ్య బేసి అయినప్పుడు ఒకరు ప్రత్యర్థి లేకుండా తర్వాతి రౌండుకు వెళతారు. 30 కార్లు వస్తే మొదటి రౌండు తర్వాత 15 మిగులుతాయి. రెండో రౌండులో ఒకరికి బై తప్పదు. అది గెలిచిన రౌండుగా లెక్కకు వస్తుందా, రాదా? మా క్లబ్బులో ఒక ఏడాది ఈ వాక్యం నిబంధనల్లో లేదు. ఆగస్టు దాకా ఎవరూ గమనించలేదు. అప్పటికి మొదటి ఇద్దరి మధ్య తేడా సరిగ్గా 10 పాయింట్లు, అందులో ఒకరికి రెండు బైలు. నేను రాసిన షీటులో బైలకు పాయింట్లు ఇచ్చాను, రెండో డ్రైవర్ ఇవ్వకూడదన్నాడు, ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది, నా దగ్గర చూపించడానికి కాగితం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రాత్రి కూర్చుని నిబంధన రాశాం. ఆ ఏడాది ఎవరికీ తృప్తి మిగలలేదు. నా సిఫారసు ఏమిటంటే, బై పరుగుకు పూర్తి పాయింట్లు ఇవ్వాలి, కానీ కారు తన సొంత శక్తితో ఆరంభ గీత దగ్గర నిలిచి (స్టేజి అయి), పచ్చదీపం తర్వాత కదలాలి. బైని చీటీ తీసి కాక, ముందటి రౌండులో అందరికంటే మెరుగైన రియాక్షన్ టైమ్ (పచ్చదీపానికి స్పందించిన సమయం) చూపినవారికి ఇస్తే అది సంపాదించుకున్నదవుతుంది, అప్పుడు దాని పాయింట్ల మీద ఫిర్యాదు కూడా తగ్గుతుంది. ఒకే డ్రైవర్‌కు ఒక రోజులో రెండో బై ఇవ్వకుండా చూసుకోవాలి.

బైబ్యాక్. మొదటి రౌండులో ఓడినవారు మళ్లీ కొంత రుసుము కట్టి పోటీలోకి తిరిగి రావడం చాలా ట్రాకుల్లో ఉంది. ట్రాక్‌కు ఆదాయం, డ్రైవర్‌కు మరో అవకాశం. అలా వచ్చినవారు తర్వాత గెలిచే రౌండ్లకు పాయింట్లు ఇస్తే, సీజన్ మొత్తంలో డబ్బున్నవాడికి ప్రతి వారం రెండు ప్రాణాలు ఉన్నట్టే. నేను నగదు బహుమతిని వారికి తెరిచి ఉంచి, పాయింట్లను మూసేస్తాను: ఓడిన క్షణంలో ఆ రోజు పాయింట్ల లెక్క ముగిసింది. కార్లు మరీ తక్కువగా వచ్చే చోట సగం పాయింట్లు ఇచ్చి రాజీపడవచ్చు, కానీ ఆ సగం మాట మొదటి రేసుకు ముందే అందరికీ తెలియాలి.

రెండు కార్లు. ఒకే తరగతిలో ఇద్దరు పోటీదారుల్లా రెండు కార్లు నడిపేవారుంటారు. ఏ కారుకు పాయింట్లు లెక్కించాలో మొదటి టైమ్ ట్రయల్‌కు (పోటీకి ముందు తీసే సాధన పరుగుకు) ముందే టవర్‌లో, అంటే రేసు నిర్వహణ గదిలో, రాయించుకోవాలి. రెండింటిలో ఏది ముందుకు వెళితే దానికి ఇవ్వడం కుదరదు. పాయింట్లు కారుకు కాదు, డ్రైవర్‌కు చెందాలి. కారు చెడిపోయిన రోజున మిత్రుడి కారు అడిగి నడిపితే అది బ్రాకెట్ రేసు నీతికి విరుద్ధమేమీ కాదు, పైగా తెలియని కారుకు డయల్-ఇన్ రాయడమంటే చేతకానివాడి పని కాదు. తరగతి మారితే మాత్రం పాయింట్లు వెంట రావు. డిలే బాక్స్ (డ్రైవర్ బటన్ వదిలాక కారును లెక్కగా కాస్త ఆలస్యంగా కదిలించే ఎలక్ట్రానిక్ పరికరం) అనుమతించే సూపర్ ప్రో తరగతిలో తెచ్చుకున్న పాయింట్లను ఎలక్ట్రానిక్ సాయం లేని తరగతికి తీసుకెళ్లనిస్తే ఆ రెండో తరగతిలో ఉన్నవారికి అన్యాయం.

క్వాలిఫయింగ్ పాయింట్లు, అంటే నాకౌట్‌కు ముందు పరుగుల సమయాలకు ఇచ్చేవి, ప్రొఫెషనల్ పట్టికల్లో కనబడతాయి కాబట్టి వాటినీ తేవాలని కొందరు అంటారు. బ్రాకెట్ రేసులో వేగం నైపుణ్యం కాదు కాబట్టి టైమ్ ట్రయల్ సమయాలకు పాయింట్లు ఇవ్వడం అర్థరహితం. డయల్-ఇన్ లేకుండా ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపం వెలిగే హెడ్స్-అప్ తరగతి అయితే వేరు సంగతి.

వాన. తెలుగు రాష్ట్రాల క్రికెట్ ప్రేక్షకులకు వాన నిబంధన ఎంత విసుగు పుట్టించగలదో చెప్పనక్కర్లేదు. డ్రాగ్ స్ట్రిప్ మీద అది ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే తడి ట్రాక్ మీద ఎవరూ పరుగెత్తరు. మొదటి రౌండు పూర్తి కాకముందే ఆగిపోతే టెక్ తనిఖీ (కారు భద్రతా పరీక్ష) దాటిన అందరికీ హాజరు పాయింట్లు. పూర్తయ్యాక ఆగిపోతే పూర్తిగా ముగిసిన రౌండ్ల పాయింట్లే లెక్క, సగంలో ఆగిన రౌండును లేనట్టుగా చూడాలి. ఆ సగం రౌండులో అప్పటికే ఓడినవారు కూడా దాన్ని ఓడనట్టే అవుతారు, దీనికి గొణుగుడు తప్పదు, అయినా ఇంతకంటే స్పష్టమైన గీత మరొకటి దొరకదు. సీజన్ చెల్లాలంటే కనీసం ఎన్ని రేసులు పూర్తి కావాలో, ఎనిమిదింటికి ఐదనో ఆరనో, అదే పేజీలో రాయండి. వానలో పోయిన రేసుల వల్ల వదిలేసే రేసుల సంఖ్య తగ్గుతుందా లేదా అన్నదీ అక్కడే తేలాలి.

పాయింట్లు సమానమైతే. పై ఉదాహరణలో ముగ్గురికీ 220 వచ్చిన చోట, ముందు రేసు విజయాలు చూస్తే కమారోకు రెండు, మిగతావారికి సున్నా. మిగిలిన ఇద్దరిలో ఫైనల్స్ చూస్తే, నాలుగు రౌండ్లు గెలిచి ఐదో రౌండులో ఓడిన రోజు పికప్‌కు ఒకటుంది, నోవాకు లేదు. విజయాలు, తర్వాత ఫైనల్స్, తర్వాత సెమీస్, ఈ వరుస చాలు. ఇద్దరూ ఎదురెదురుగా ఎన్నిసార్లు గెలిచారన్నది చూడాలని అనిపిస్తుంది గానీ, జోడీలు చీటీల ద్వారా పడేచోట వారు సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా తలపడకపోవచ్చు, ముగ్గురు సమానమైతే ఆ కొలత అసలు పనిచేయదు. అన్నీ సమానమైతే చివరి రోజు ఒక్క పరుగు పెట్టి తేల్చండి; ఆ పరుగు కోసం టవర్ దగ్గర జనం ఎలా పోగవుతారో చూడవలసిందే.

పాత ఫలితాల మీద పరీక్ష

రెండు మూడు పట్టికలు కాగితం మీద సిద్ధమయ్యాక, గత ఏడాది ల్యాడర్ షీట్లు (ఏ రౌండులో ఎవరు ఎవరితో తలపడి గెలిచారో చూపే పట్టికలు) తీయండి. ఎక్సెల్‌లో డ్రైవర్‌కు ఒక వరుస, రేసుకు రెండు నిలువు గడులు పెట్టండి: ఒకటి హాజరు, 1 లేదా 0, మరొకటి గెలిచిన రౌండ్ల సంఖ్య. పాయింట్లను నేరుగా టైపు చేయకండి. హాజరు విలువ, రౌండు విలువ, విజేత అదనపు విలువ మూడింటినీ షీటు పైభాగంలో మూడు గడుల్లో ఉంచి, మిగతాదంతా ఫార్ములాతో లెక్కించుకోండి. అప్పుడు ఒక్క అంకె మారిస్తే సీజన్ మొత్తం మళ్లీ లెక్కవుతుంది. మెరుగైన ఏడు రేసులను ఏరడానికి లార్జ్ ఫంక్షన్ సరిపోతుంది. ఇలా మూడు పట్టికలు నడిపి, మొదటి ఐదుగురి వరుస ఎక్కడ మారుతోందో గమనించండి. మారిన చోట ఎవరు పైకి వచ్చారు, ఎవరు దిగారు అన్నది పేర్లు దాచిపెట్టి కమిటీకి చూపండి; ఆరు రేసులకు వచ్చి రెండు గెలిచిన డ్రైవర్ కావాలా, ఎనిమిదింటికీ వచ్చి ఒక్కటీ గెలవని డ్రైవర్ కావాలా అని అడగండి. పేర్లు కనబడితే చర్చ మనుషుల మీదికి పోతుంది.

ఒక పట్టిక మీద అంగీకారం కుదిరాక దాన్ని ఒక పేజీకి కుదించండి. పాయింట్ల కోసం పేరు నమోదు చేసుకోవలసిన గడువు, నమోదుకు ముందు రేసులకు పాయింట్లు రావన్న మాట, ఎంట్రీ రుసుములో సీజన్ నిధికి పోయే మొత్తం, ఆ నిధిని ఎంతమందికి ఎలా పంచుతారన్నది అందులోనే ఉండాలి. ప్రతి రేసు తర్వాత రెండు రోజుల్లోపు షీటును అచ్చువేసి టవర్ కిటికీకి అంటించండి, అందులో మొత్తాలే కాక ప్రతి రేసులో ఎన్ని రౌండ్లో విడివిడిగా కనబడాలి. అభ్యంతరం చెప్పడానికి వారం గడువు ఇవ్వండి. చెప్పేవారు తమ టైమ్ స్లిప్ (పరుగు తర్వాత ట్రాక్ ఇచ్చే సమయాల చీటీ) తెచ్చి చూపాలి, మీరు ల్యాడర్ షీటు తీసి సరిచూడాలి. వారం దాటాక ఆ రేసు అంకెలను ఎరుపు గీతతో మూసేసి, తర్వాతి శనివారానికి కొత్త కాగితం తీయండి.